తాడుకి జానెడు అవతల

1వ రోజు

పుస్తకం ఇచ్చారు. అట్ట మీద "పెరటి పుస్తకం, ఎగువ కాలనీ, ఇల్లు 17" అని అచ్చేశారు. లోపల ఎండకో గడి, నీళ్ళకో గడి, మొలకకో గడి. అంకెలు వేస్తే చాలట. పెరటి తనిఖీ జగ్గారావైతే ముందే చెప్పేశాడు, "ఎక్కువ రాయకండమ్మా, చదివే ఓపిక నాకు లేదు" అని. అలా అన్నాక ఎక్కువ రాయకుండా ఎలా ఉంటాను? గళ్ళన్నీ దాటేసే రాస్తాను. ఓపిక తెచ్చుకుని చదువుకో బాబూ.

ఇంట్లో ఇద్దరం. నేను అప్పలకొండని, యాభై ఎనిమిదేళ్ళు, కాలనీ నీడగుడ్డలు కుట్టే పని. మా అక్క సన్యాసమ్మ, డెబ్బై ఒకటి. ఒకప్పుడు హాస్టల్లో వంట చేసేది. ఇప్పుడు పని చీటీ లేదు, మతి కూడా కొంచెం అటూ ఇటూ. పొద్దున్న నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, సాయంత్రం "ఎవరమ్మాయివే నువ్వు" అంటుంది.

విత్తన దుంపలు ఎనిమిది ఇచ్చారు. రంపపు పొట్టులో పెట్టి, చంటిపిల్లల్ని అందించినట్టు అందించారు. డిపోలో తిండికిచ్చే బంగాళాదుంపలు మొలకెత్తవు. ఏదో దీపం కింద పెట్టి చంపి పంపిస్తారు, ఆర్నెల్లు మూలన పడేసినా రాళ్ళలా ఉంటాయి. ఇవి మాత్రం ప్రాణం ఉన్నవి.

జగ్గారావు పెరట్లో నాలుగు మేకులు కొట్టి ఎర్ర తాడు కట్టాడు. ఆ తాడు లోపలిదే మడి. "అరవయ్యో రోజు వస్తాను. తాడు లోపల ఆకు కనపడితే మీకు రోజూ రెండు బిందెలు. కనపడకపోతే ఒకటే" అన్నాడు.

ఒక బిందె అంటే ఒక మనిషి. రెండో మనిషి దిగువకి దిగిపోవాలి. పని చీటీ లేనివాళ్ళు ముందు. ఆ మాట నోటితో అనలేదు, అక్క వైపు కూడా చూడలేదు. పాపం, మర్యాద తెలిసినవాడే.

3వ రోజు

దుంపల్ని పాత గుడ్ల అట్టలో నిలబెట్టాను. కళ్ళు ఎక్కువున్న వైపు పైకి. వంటింటి కిటికీ గూట్లో పెట్టాను. వెలుగు తగలాలి గానీ ఎండ తగలకూడదు. వెలుగులో ఉంటే మొలక పొట్టిగా, లావుగా, ఊదారంగులో వస్తుంది. చీకట్లో పెడితే తెల్లగా పీలగా సాగి, ముట్టుకుంటే విరిగిపోతుంది. ఇదంతా పక్కింటి లచ్చయ్యమ్మ చెప్పింది. దిగువలో నీళ్ళున్న రోజుల్లో వాళ్ళకి ఆరెకరాలుండేది, అది చెప్పకుండా ఒక్క మాట మొదలుపెట్టదు.

అక్క వచ్చి చూసింది. "ఎన్ని కిలోలు?" అంది.

"కిలోలు కాదక్కా, ఎనిమిది దుంపలు. ఇవి కూరకి కాదు, పాతడానికి."

"ఎనిమిది దుంపలు అంతమంది పిల్లలకి ఏం సరిపోతాయే" అని నొచ్చుకుంది.

12వ రోజు

మొలకలొచ్చాయి! ఎనిమిదికి ఎనిమిదీ. ఒక్కో కంట్లోంచి గోరంత మొలక, అడుగున చిన్న చిన్న బుడిపెలు. నేను పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషపడింది లేదు. లచ్చయ్యమ్మని పిలిచి చూపించాను. తన దుంపలింకా కళ్ళు తెరవలేదట. మొహం మాడ్చుకుని, "నీ చెయ్యి మంచిదే అప్పలకొండా" అంది. మాడితే మాడింది, ఆ మాట తియ్యగానే ఉంది.

మొలక గడిలో ఎనిమిది అని లావుగా రాశాను.

14వ రోజు

మొలకలు లేవు.

పొద్దున్న ఉన్నాయి. మధ్యాహ్నం సైరన్ మోగాక అందరిలాగే తలుపులు బిగించి పడుకున్నాను. పదకొండు నుంచి నాలుగు దాకా బయట అడుగు పెడితే చెప్పుల అడుగు కరిగిపోయే ఎండ. నాలుగింటికి లేచి చూస్తే దుంపలన్నీ నున్నగా, గుండు కొట్టించుకున్నట్టున్నాయి. 

ఎలుకలే అయుండాలి. గూటికి ఇనప జల్లెడ అడ్డం పెట్టాను.

అక్క నా కంగారు చూసి, "ఎందుకే ఏడుస్తావు, అన్నం తిన్నావా?" అంది. ఏడవడం లేదని కసిరాను. ఏడుస్తూనే కసిరాను.

20వ రోజు

మళ్ళీ వచ్చాయి. మొదటివాటంత లావు లేవు, ఊదారంగూ పలచబడింది. అయినా వచ్చాయి. ఆరు దుంపలకి వచ్చాయి, రెండు మెత్తబడిపోయాయి. మెత్తబడ్డవాటిని తీసి దూరంగా పాతిపెట్టేశాను, కుళ్ళు మిగతావాటికి అంటుకోకుండా.

22వ రోజు

ఈసారీ లేవు. జల్లెడ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎలుకైతే జల్లెడ తీసి, పని చూసుకుని, మళ్ళీ పెట్టి పోతుందా? ఎలుకలు దుంపని కూడా కొరుకుతాయి. ఇక్కడ దుంప మీద పంటి గాటు లేదు. మొలక మటుకే పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా లచ్చయ్యమ్మ గుమ్మంలోకి వెళ్ళాను.

"నా మొలకలు ఏం చేశావు?"

"నీ మొలకలు నాకెందుకే?"

"నీ దుంపలు కళ్ళు తెరవలేదుగా! సైరన్ టైములో పెరటి గోడ దూకి వచ్చావేమో ఎవరికి తెలుసు!"

లచ్చయ్యమ్మకి అరవై రెండేళ్ళు, మోకాలి నొప్పి. గోడ కాదు కదా గడప దాటడానికి కూడా గోడ పట్టుకుంటుంది. అది తెలిసే అన్నాను. నోరు అలా జారింది. ఆమె లోపలికి వెళ్ళి తన గుడ్ల అట్ట తెచ్చి చూపించింది. ఎనిమిది దుంపలు, ఒక్కోదానికీ ఆవగింజంత తెల్లటి మొలక. "చూసుకో. నీవేమన్నా ఉంటే తీసుకుపో" అంది.

తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడక్కుండానే వచ్చేశాను.

24వ రోజు

ఈ రోజు సంగతి ఎవరూ చదవకూడదు. రాయకుండా మాత్రం ఉండలేను.

సైరన్ మోగాక పడుకున్నట్టు నటించాను. కళ్ళు సగం మూసుకుని వంటింటి వైపే చూస్తున్నాను. కాసేపటికి అక్క లేచింది. జారిన నా కొంగు సర్దింది. వంటింట్లోకి వెళ్ళి జల్లెడ తీసి పక్కన పెట్టింది. పీట వేసుకుని కూచుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో దుంపా తీసి బొటనవేలితో తుడుస్తూ మొలకలు గిల్లడం మొదలెట్టింది. ఎంత నైపుణ్యం ఆ చేతిలో! దుంప తిప్పడం, గిల్లడం, తుడవడం, అట్టలో పెట్టడం. కళ్ళు చూడక్కర్లేదు, వేలికే తెలుసు. నిన్న మొన్న మళ్ళీ పొడుచుకొచ్చిన చిన్న మొలకలు కూడా వదల్లేదు.

నేను లేచి అరిచాను. ఏమన్నానో రాయను. అక్క బెదిరిపోయి అట్టని గుండెలకి అదుముకుంది.

"మొలకలొచ్చినవి వండితే చేదే. పిల్లలకి పడదే" అంది.

"ఏ పిల్లలక్కా? ఇక్కడ పిల్లలెవరున్నారు?"

"నువ్వు తిన్నావు కదే ఆ రోజు. మూడు రోజులు వాంతులు. నేను చూసుకోలేదు. బస్తా నిండా మొలకలే, పైన పచ్చగా ఉన్నాయి. టైమైపోయిందని అలాగే తరిగేశాను."

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అక్క వంట చేసే హాస్టల్లోనే చదువుకునేదాన్ని. ఆ రాత్రి నలభై మందిమి పడిపోయాం. పైడమ్మ అని నా పక్క మంచం పిల్ల ఇంక లేవలేదు. ఆ తర్వాత అక్క ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. అన్నీ మర్చిపోయింది, పెళ్ళి మర్చిపోయింది, బావ పోయిన సంగతి మర్చిపోయింది. ఇదొక్కటి వేలి చివర మిగిలింది.

"గిల్లినవి ఏం చేశావక్కా?"

"ఏం చేస్తారు? అంట్ల రాయి దగ్గర, కుడితి పోసే చోట పారేశాను. రోజూ అక్కడే కదా పారేసేది."

వెతకడానికి కూడా వెళ్ళలేదు. తెగిపోయిన మొలకలు తెచ్చి నేనేం చేసుకోను?

విత్తనం చెడగొట్టారని తెలిస్తే అరవయ్యో రోజు దాకా కూడా ఆగరు. మర్నాటికే ఇల్లు ఖాళీ చేయిస్తారు. అందుకని ఈ తారీఖు మొదలు మూడు పేజీలు కుట్టేస్తున్నాను. నీడగుడ్డకి వేసే రెండు పేటల కుట్టు. కుట్టు బయట కనపడే గడిలో మటుకు "ఎలుకలు" అని రాశాను.

25వ రోజు

గడి: ఎండ 47, నీళ్ళు రెండు బిందెలు, మొలక సున్నా.

లచ్చయ్యమ్మ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. తప్పు ఒప్పుకున్నాను. ఆమె తన గుడ్ల అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత, "నాదొకటి తీసుకో" అంది. ఎలా తీసుకోను? ఆమె మనవరాలికీ పని చీటీ లేదు. ఎనిమిది పాతితే నాలుగన్నా లేస్తాయో లేదో. వద్దన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. అడిగితే తీసుకునేదాన్నే, అందుకే అడగలేదు కాబోలు. ఆమె తప్పు లేదు.

దుంపల్ని నా కుట్టు పెట్టెలో పెట్టి తాళం వేశాను. పెట్టెలో చీకటి. చీకటి వాటికి మంచిది కాదని తెలుసు. కిటికీలో పెడితే అక్క. ఇంకెక్కడ పెట్టను, నెత్తి మీదా?

33వ రోజు

పెట్టె తీశాను. ఆరు దుంపలూ ముడతలు పడి ముసలివాళ్ళ మోకాళ్ళలా ఉన్నాయి. నాలుగింటికి తెల్లటి మొలకలు, వెంట్రుకంత సన్నం. రెండింటికి అవీ లేవు. దుంపలో ఉన్న సత్తువంతా మొదటి రెండు విడతల్లోనే అయిపోయింది. మూడోసారి ఇవ్వడానికి దాని దగ్గరేముంది?

అయినా పాతాలి. సాయంత్రం నీడగుడ్డ లాగి, మడి తవ్వి, జానెడు లోతులో పెట్టాను. పెడుతుంటే రెండు మొలకలు నా చేతిలోనే విరిగిపోయాయి. నా తాగే నీళ్ళలోంచి చెంబుడు పోశాను. అక్క గట్టు మీద కూచుని చూస్తూ, "లోతుగా పెట్టకే, ఊపిరాడదు" అంది. ఆ మాట నిజమే. పైకి తీసి మళ్ళీ పెట్టాను.

47వ రోజు

గడి: ఎండ 48, నీళ్ళు రెండు బిందెలు, మొలక సున్నా.

లచ్చయ్యమ్మ మడిలో నాలుగు లేచాయి. గోడ మీంచి చూశాను. ముదురాకుపచ్చ, బొద్దుగా. చూస్తే సంతోషం వేసింది, కడుపు కూడా మండింది. రెండూ రాస్తున్నాను, అబద్ధం ఎందుకు.

దిగువ గురించి ఎవరూ మాట్లాడరు. కిందటేడు పన్నెండో ఇంటి ముసలాయన దిగాడు. పాత సిమెంటు గొట్టాల్లో పడుకుంటారట, నీళ్ళ బండి రెండు రోజులకోసారట. వేసవి ముందు ఉత్తరం వచ్చింది. వేసవి తర్వాత రాలేదు.

ఈ మధ్య అక్క సైరన్ టైములో లేచి గూడు తడుముకుంటోంది. దుంపలు లేవు కదా. ఖాళీ గుడ్ల అట్టని గుడ్డతో తుడిచి మళ్ళీ పెడుతోంది.

60వ రోజు

జగ్గారావు పొద్దున్నే వచ్చాడు. మడి దగ్గర గొంతుకూచుని చాలాసేపు చూశాడు. చూసి చూసి వేలితో మట్టి కదిపాడు. మొదటి దుంప వేలికి గంజిలా అంటుకుంది. రెండోదీ అంతే. మిగతావి నేనే వద్దన్నాను.

పుస్తకం తిరగేశాడు. "ఈ పేజీలేంటమ్మా, కుట్టేశారు?"

"తడిసి చిరిగిపోతే కుట్టాను."

బొటనవేలితో కుట్టు తడిమి చూశాడు. అతని ఇంటి నీడగుడ్డ కుట్టిందీ నేనే, నా కుట్టు అతనికి తెలుసు. చిరిగిన కాయితానికి రెండు పేటలు ఎవరూ వెయ్యరు. నా మొహం చూసి, పుస్తకం మూసేశాడు.

అక్క బయటికొచ్చింది. "ఎండన పడి వచ్చారు, కాసిన్ని మజ్జిగ తాగి వెళ్ళండి బాబూ" అంది. మేం మజ్జిగ చూసి పదకొండేళ్ళయింది. ఖాళీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. జగ్గారావు రెండు చేతులతో అందుకుని, తాగినట్టు పైకెత్తి, "చల్లగా ఉందమ్మా" అని తిరిగిచ్చాడు.

అప్పుడే కలం తీశాడు. "సన్యాసమ్మగారి పేరు" అంటూ ఆగిపోయాడు.

"నా పేరు కూడా రాయండి" అన్నాను.

"మీకు పని చీటీ ఉందమ్మా. మీరు ఉండొచ్చు."

"ఆవిడ సాయంత్రమైతే నన్ను ఎవరమ్మాయివే అని అడుగుతుంది బాబూ. అక్కడ ఎవరిని అడుగుతుంది? రాయండి."

రాశాడు.  అతను వెళ్ళాక ఆ గ్లాసు తీసి బోర్లించాను.

63వ రోజు

రేపు దిగువకి బండి.

అంట్లు తోమడానికి కూచున్నాను. మూడు గ్లాసుల కుడితి నీళ్ళు అంట్ల రాయి పక్కన పారబోస్తుంటే, తోమిన బూడిదలోంచి అప్పుడే లేచిన ఆకు కనపడింది. పిచ్చిమొక్కేమో అనుకుని పీకబోయాను. చెయ్యి ఆగిపోయింది. ముదురాకుపచ్చ, ముడుచుకున్న ఆకు, లచ్చయ్యమ్మ మడిలో ఉన్నదే. దాని పక్కన ఇంకోటి. మొత్తం ఐదు.

అక్క గిల్లి పారేసిన మొలకలు. తెగిపోయిన మొలక ఏం చేస్తుందని నేనన్నాను కదా, అదే వేళ్ళు తన్నుకుంది. అడుగున ఉన్న ఆ బుడిపెలే వేళ్ళన్నమాట. ఈ పెరట్లో ఎప్పుడూ తడి ఉండే చోటు అదొక్కటే. ఆ రోజే వెళ్ళి వాటిని ఏరుకొచ్చి మడిలో గుచ్చి ఉంటే! నాలుగడుగుల దూరం. వెళ్ళలేదు. అక్క చేసింది తెలియక. నేను వెళ్ళకపోవడం మాత్రం నా పొగరు.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. జగ్గారావుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అతను చూసి, తల మీది గుడ్డ తీసి, "బతికాయి" అన్నాడు. సొంత బిడ్డల గురించి అన్నట్టు అన్నాడు. తర్వాత ఎర్ర తాడు వైపు చూశాడు.

మొదటి మొక్క తాడుకి జానెడు అవతల ఉంది.

"తాడు జరపండి బాబూ. జానెడే కదా."

"జాబితా నిన్ననే కిందికి వెళ్ళిపోయిందమ్మా. ఈ ఇల్లు ఇంకొకళ్ళకి రాసేశారు. నేను తాడు జరిపినా ఏం లాభం?" అన్నాడు.

నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. అతనూ నేనూ మొక్కల పక్కన సైరన్ మోగేదాకా కూచున్నాం.

64వ రోజు

పేజీల కుట్టు విప్పేశాను. ఇప్పుడు దాచేదేముంది. ఈ ఇంటికి వచ్చేవాళ్ళు ఎవరైనా, మొదట్నుంచి చదవండి. చదివి మా అక్కని ఏమీ అనకండి.

అంట్ల రాయి దగ్గర ఐదు మొక్కలున్నాయి. మీకు మడి కట్టేటప్పుడు తాడు వాటిని కలుపుకుని కట్టమని జగ్గారావుకి చెప్పాను, కడతానన్నాడు. మొక్క మూరెడు ఎత్తు లేచాక మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి. దుంపకి ఎండ తగిలి పచ్చబడితే తినకండి, పాతుకోండి. రెండు దుంపలు పక్కింటి లచ్చయ్యమ్మకి ఇవ్వండి, నేను ఆమెకి బాకీ ఉన్నాను. మొలక విరిగితే పారేయకండి, తడి మట్టిలో గుచ్చండి.

మూట కట్టేశాను. ఖాళీ గుడ్ల అట్ట అక్క వదలడం లేదు, చంకలో పెట్టుకుంది. బండి హారన్ కొట్టేదాకా అక్కని అంట్ల రాయి దగ్గర కూచోబెట్టాను. మొక్కల్ని చూసింది.

"ఏం మొక్కలే ఇవి?"

"బంగాళాదుంపలక్కా."

"మొలకలు గిల్లారా?"

"గిల్లారక్కా. ఒక్కటి కూడా వదల్లేదు."

అక్క ఆకుని బొటనవేలితో ఒకసారి తుడిచింది. "అయితే పర్లేదు. పిల్లలు తినొచ్చు" అంది.